ఒరిగిన మినార్లు

చిరంజీవి మేనల్లుడికి ఆశీస్సులు.

పోయిన ఆదివారం ఇరానీ హోటల్లో, ఒకరి ఫొటోలు ఒకరు చూసి మంచిచెడ్డలు చెప్పుకునే మీ ఫొటో మిత్రుల మధ్య నన్నూ కూర్చోబెట్టావు. నలుగురిలో అనడం ఎందుకని అక్కడ ఊరుకున్నాను. ఇప్పుడు రాస్తున్నాను.

నువ్వు ఫోనులో నలభై ఫొటోలు చూపించావు. పదో ఫొటోకే ఒకాయన తన టీ కప్పులోకి చూడసాగాడు. ఈసారి మూడే పట్టుకెళ్లు. అచ్చు వేయించావా, మరీ మంచిది. కాగితం మీది బొమ్మను వేలితో పక్కకు తోసేయలేరు. చూపించాక నోరు విప్పకు. "ఉదయం కదా, ఎండ ఎదురుగా ఉంది" అని నువ్వే సంజాయిషీ ఇస్తే వాళ్లకు ఆ తప్పు తప్ప మరేదీ కనబడదు. అయినా లాడ్ బజార్ చార్మినార్‌కు పడమర కదా, పొద్దున్నే అక్కడ నిలబడి చార్మినార్‌ను తీస్తే సూర్యుడు ఎదురు రాక ఏం చేస్తాడు? సాయంత్రం వెళ్లు, అదే గోడ మీద సున్నపు నగిషీలన్నీ లెక్కపెట్టేలా కనిపిస్తాయి.

ఇక మీ బృందంలోని ఆ అమ్మాయి తీసిన చార్మినార్ ఫొటో సంగతి. మినార్లు లోపలికి ఒరిగాయని అందరూ అన్నారు, నువ్వూ వంత పాడావు. దగ్గర నిలబడి వైడ్ లెన్సు పైకెత్తితే ఏ కట్టడమైనా అలాగే ఒరుగుతుంది. ఆ మాట చెప్పి వదిలేస్తే ఆ పిల్లకు ఒరిగిందేమిటి? గుల్జార్ హౌజ్ ఫౌంటెన్ దాకా వెనక్కి నడిచి, కెమెరాను పైకెత్తకుండా తిన్నగా పట్టుకుని చూడమనాలి. అంతకన్నా ముందు నీ కన్ను ఎక్కడ ఆగిందో చెప్పాలి. నా కన్నయితే మినార్ల దాకా పోనే లేదు. కింద ఎడమ మూలన, బల్బు వెలుగులో గాజుల బండివాడు చిల్లర లెక్కపెట్టుకుంటున్నాడు, చూశావా? ఆమె తీసింది అతణ్ణేనేమో! ఎవరూ అడగలేదు.

"బాగుంది" అని తిరిగి ఇచ్చేయడం కూడా విమర్శ కాదు. రీలుకు 36 ఫొటోలు వచ్చే రోజుల్లో నా మొజంజాహీ మార్కెట్ ఫొటోను అలాగే ముగ్గురు మెచ్చుకున్నారు. నాలుగో ఆయన ఒక మూల వేలు పెట్టి, "ఈ సగం రిక్షా చక్రం ఎందుకు?" అన్నాడు. రాత్రంతా తిట్టుకున్నాను. ఆనాటి నుంచి నాలుగు మూలలూ చూడకుండా మీట నొక్కింది లేదు.

మరొకటి. గాజుల కొట్టులో బేరమాడుతున్న ఆవిడను దూరం నుంచి తీశావే, అది ఎవరికీ చూపించకు. ఆవిడ కొంగుతో ముఖం దాచుకోబోతోంది. ఆరో నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫరు రాజా దీన్‌దయాళ్ 1892లోనే ఈ ఊళ్లో పరదా స్త్రీల కోసం వేరే స్టూడియో పెట్టాడు. ఆయన పాటించిన మర్యాద మనకు బరువా?

వచ్చే ఆదివారం ఆ అమ్మాయి వస్తే బండివాడి సంగతి అడుగు. అచ్చు వేయిస్తే నాకూ ఒక ప్రతి కావాలని చెప్పు, డబ్బులు నీ చేతికి ఇస్తాను.

ఇట్లు,
మీ మామయ్య