సౌండ్ కార్డు పోయిందా, శబ్దం దారి మళ్లిందా?

ప్రశ్న: ఆరేళ్ల కిందట మా అబ్బాయి చదువు కోసం కొన్న డెస్క్‌టాప్‌కు పోయిన నెల కొత్త మానిటర్ పెట్టించాం. ఆ తరువాత శబ్దం రావడం ఆగిపోయింది. అవే స్పీకర్లను ఫోన్‌కు తగిలిస్తే చక్కగా మోగుతున్నాయి. రిపేరు చేసే ఆయన చూసి, సౌండ్ కార్డు పోయిందని, అది మదర్‌బోర్డులోనే ఉంటుంది కాబట్టి బోర్డు మొత్తం మార్చాలని అంటున్నారు. నిజంగా పోయిందో లేదో ఇంట్లోనే తెలుసుకోగలమా?
— ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: తెలుసుకోవచ్చు. అంతవరకు బోర్డు జోలికి వెళ్లకండి. స్పీకర్లను ఫోన్‌కు తగిలించి చూశారు కాబట్టి వాటి మీద అనుమానం అక్కరలేదు. అసలు ఆధారం మీ ఉత్తరంలోనే ఉంది: శబ్దం ఆగింది కొత్త మానిటర్ వచ్చాక. హెచ్‌డీఎంఐ, డిస్‌ప్లేపోర్ట్ కేబుళ్లు బొమ్మతో పాటు శబ్దాన్ని కూడా మోసుకుపోతాయి గనుక, మానిటర్‌ను తగిలించగానే విండోస్ దానిని కూడా శబ్ద పరికరంగా లెక్కగట్టి, ఒక్కోసారి మనల్ని అడగకుండానే శబ్దమంతా అటు మళ్లిస్తుంది. ఆ మానిటర్‌లో స్పీకర్లు లేకపోతే ఇక ఎవరికీ ఏమీ వినిపించదు. తెర కింద కుడి మూలనున్న స్పీకర్ గుర్తును నొక్కి, పరికరాల జాబితాలో మానిటర్ పేరుకు బదులు రియల్‌టెక్ అని ఉన్నదానిని ఎంచుకోండి. చాలా బోర్డులలో ఉండే శబ్దపు చిప్ (రిపేరు ఆయన సౌండ్ కార్డు అన్నది దీనినే) ఆ కంపెనీదే. మీ సమస్య ఇక్కడే తీరిపోతుందని నా అంచనా.

తీరకపోతే, శబ్దం ఎక్కడిదాకా వచ్చి ఆగుతోందో చూడాలి. ఏదైనా పాట పెట్టి, కంట్రోల్ ప్యానెల్‌లో సౌండ్ అన్న విభాగం తెరిస్తే, ప్లేబ్యాక్ జాబితాలో ఒక్కో పరికరం పక్కన నిలువు గీతలు కనిపిస్తాయి. పాటకు అనుగుణంగా రియల్‌టెక్ పక్కనున్న గీతలు ఆకుపచ్చగా లేచి పడుతూ ఉంటే, విండోస్ తన పని తాను చేస్తున్నట్టే. లోపం చిప్‌లోనో, జాక్‌లోనో, వైరులోనో ఉండాలి. గీతలు కదలకపోతే శబ్దం ఇంకా చిప్ దాకా రానేలేదని అర్థం, కాబట్టి వాల్యూమ్ మిక్సర్‌లో ఆ ప్రోగ్రామ్ మ్యూట్‌లో ఉందేమో చూడండి. జాబితాలో రియల్‌టెక్ పేరే లేకపోతే, విండోస్‌లో పరికరాలన్నింటినీ చూపే డివైస్ మేనేజర్‌లో దాని మీద పసుపు గుర్తు ఉందేమో చూసి, ఉంటే బోర్డు తయారీదారు వెబ్‌సైట్ నుంచి డ్రైవర్‌ను, అంటే ఆ చిప్‌ను విండోస్ చేత నడిపించే ప్రోగ్రామ్‌ను, మళ్లీ ఎక్కించండి. అక్కడ కూడా కనిపించకపోతే బయోస్‌లో, అంటే విండోస్ మొదలయ్యే ముందు తెరుచుకునే బోర్డు సెట్టింగులలో, ఆడియో ఆపివేసి ఉందేమో చూడాలి.

గీతలు కదులుతున్నా శబ్దం రాని సందర్భంలో, స్పీకర్ పిన్నును క్యాబినెట్ ముందువైపు నుంచి తీసి వెనుకనున్న ఆకుపచ్చ జాక్‌లో పెట్టండి. ముందువైపు జాక్‌లు ఒక వైరు ద్వారా బోర్డు మీది తొమ్మిది పిన్నుల వరుసకు కలిసి ఉంటాయి. కొత్త పరికరం బిగించేటప్పుడు చేయి తగిలి ఆ వైరు ఊడిపోవడం మామూలే. పాత క్యాబినెట్లలో ఈ వైరు చివర ఏసీ 97 అని ఒకటి, హెచ్‌డీ ఆడియో అని ఒకటి రెండు కొసలుంటాయి. ఇంటెల్ 2004లో తెచ్చిన రెండో పద్ధతినే నేటి బోర్డులు పాటిస్తాయి కాబట్టి, మొదటిది పెడితే ముందువైపు హెడ్‌ఫోన్ తగిలించిన సంగతి కంప్యూటర్‌కు తెలియదు. దీనికి తలకిందులైన లోపం కూడా ఒకటి ఉంది. జాక్ లోపల పిన్ను వచ్చిందో లేదో చెప్పే సన్నటి రేకు ఉంటుంది. అది దుమ్ముకో, వాడకానికో ఇరుక్కుపోతే, హెడ్‌ఫోన్ తీసేసినా ఇంకా ఉందనే భ్రమలో కంప్యూటర్ స్పీకర్లను మూగగా ఉంచుతుంది. ల్యాప్‌టాప్‌లలో ఇది మరీ ఎక్కువ. కంప్యూటర్‌ను ఆపి, పిన్నును నాలుగైదుసార్లు పెట్టి తీస్తే చాలాసార్లు ఆ రేకు తిరిగి తన చోటికి వస్తుంది.

తుది పరీక్ష ఉబుంటుతో చేయాలి. ఇది విండోస్ లాంటిదే, ఉచితంగా దొరికే మరో ఆపరేటింగ్ సిస్టమ్. ఉబుంటు ఎక్కించిన పెన్‌డ్రైవ్‌తో కంప్యూటర్‌ను మొదలుపెట్టి, ఇన్‌స్టాల్ కాకుండా ట్రై అన్నది ఎంచుకుంటే, మీ విండోస్‌కు గాని ఫైళ్లకు గాని ఏమీ కాదు. వెనుక జాక్ నుంచి అక్కడ శబ్దం వస్తే చిప్ నిక్షేపంగా ఉన్నట్టు, తప్పు విండోస్‌దే. రెండింటిలోనూ, ముందూ వెనుకా రాకపోతే మాత్రం రిపేరు ఆయన మాట నిజమనుకోవచ్చు. అప్పుడు కూడా బోర్డు మార్చనక్కరలేదు. కొన్ని వందల రూపాయలకు దొరికే యూఎస్‌బీ సౌండ్ అడాప్టర్‌ను గుచ్చితే విండోస్ దానిని వేరే డ్రైవర్ లేకుండానే గుర్తిస్తుంది. ఆరేళ్ల నాటి కంప్యూటర్‌కు కొత్త బోర్డు అంటే, దానికి సరిపడే ప్రాసెసర్, ర్యామ్ కూడా నెత్తిన పడవచ్చునని ఆయన మీకు చెప్పారో లేదో!

ప్రశ్న: మౌస్ కదిపినప్పుడల్లా స్పీకర్లలో గరగరమంటోంది. సౌండ్ కార్డు పాడవుతోందా?
— ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: కాదు. బోర్డులోని విద్యుత్ అలజడి శబ్దపు మార్గంలోకి చొరబడుతోంది. ముందు జాక్ వాడుతుంటే వెనుకదానికి మార్చండి. వాడని మైక్, లైన్ ఇన్‌లను మ్యూట్ చేయండి. ల్యాప్‌టాప్ అయితే ఛార్జర్ తీసి చూడండి. గరగర ఆగితే లోపం ఛార్జర్‌లోనో, ఇంటి ఎర్తింగ్‌లోనో ఉంటుంది. ఎర్త్ పిన్ను విరగ్గొట్టమని సలహా ఇచ్చేవారుంటారు, ఆ పని మాత్రం చేయకండి. షాక్ కొట్టే ప్రమాదముంది. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ప్లగ్గులో ఎర్త్ వస్తోందో లేదో చూపించుకోండి.