హెమటైట్ పొర మందం పెంచినా కరెంటు పెరగకపోవడం గురించి

సూర్యకాంతితో నీటిని విడగొట్టడానికి ఎఫ్‌టీఓ గాజుపై (కరెంటును ప్రసరింపజేసే పారదర్శక పూత ఉన్న గాజు) హెమటైట్ (ఒక ఐరన్ ఆక్సైడ్) పొరను అర మైక్రోమీటరు మందానికి పెంచినా ఎండలో కరెంటు పెరగలేదని, బయటి వోల్టేజీ లేకుండా ఒక్క హైడ్రోజన్ బుడగ కూడా రాలేదని మీరు రాశారు. రెండో విషయంలో మీ లోపమేమీ లేదు. హెమటైట్ కండక్షన్ బ్యాండ్ (కాంతి తగిలి విడివడిన ఎలక్ట్రాన్లు చేరే శక్తి స్థాయి) నీటి నుంచి హైడ్రోజన్‌ను విడుదల చేయగల స్థాయిలో ఉండదు కాబట్టి, బయటి వోల్టేజీ గాని, తోడుగా ఒక సోలార్ సెల్ గాని ఉండక తప్పదు.

అసలు చిక్కు మందంలోనే ఉంది. కాంతిని పూర్తిగా పీల్చుకోవడానికి ఈ పదార్థానికి కొన్ని వందల నానోమీటర్ల లోతు కావాలి. కానీ కాంతి వల్ల అందులో పుట్టిన హోల్ (ఎలక్ట్రాన్ వెళ్లిపోయిన చోట మిగిలే ధనావేశ ఖాళీ) సుమారు 2 నుంచి 4 నానోమీటర్లు మాత్రమే ప్రయాణించగలదు, ఆలోపు నీటిని చేరకపోతే ఎలక్ట్రాన్‌తో కలిసి వేడిగా మారిపోతుంది. పొరను సన్నని నిలువు నానోకడ్డీలుగా పెంచితే కాంతి కడ్డీ పొడవునా లోపలికి దిగుతుంది, హోల్ మాత్రం పక్కకు కొద్ది దూరం జరిగితే చాలు.

అయితే ఆ శ్రమకు ముందు ఒక పరీక్ష చేయండి. 1 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిపి, అదే వోల్టేజీ వద్ద వెలుతురులోనూ చీకటిలోనూ కరెంటును కొలిచి, రెండింటి తేడాను పెరాక్సైడ్ లేనప్పటి తేడాతో పోల్చండి. పెరాక్సైడ్ ఉపరితలానికి చేరిన హోల్‌ను వెంటనే అందుకుంటుంది కనుక, తేడా బాగా పెరిగితే లోపం ఉపరితలంలో ఉన్నట్టే, అప్పుడు కోబాల్ట్ ఫాస్ఫేట్ అనే ఉత్ప్రేరకం పూత సాయపడుతుంది. పెరగకపోతే నానోకడ్డీల వైపు వెళ్లండి. ఆ ద్రావణంలో తేలే బుడగలను చూసి మాత్రం మురిసిపోకండి, పెరాక్సైడ్ తనంతట తాను విడిపోయినా ఆక్సిజన్ వస్తుంది.