ముమ్మిడివరం నుంచి కాకినాడ కాలేజీకి: రోజూ పంపొద్దు, హాస్టల్లో చేర్చండి

ముమ్మిడివరం దగ్గర పల్లె మాది, అమ్మాయికి కాకినాడ జేఎన్‌టీయూలో ఇంజనీరింగ్ సీటు వచ్చింది, రోజూ బస్సులో పంపాలా, హాస్టల్లో చేర్చాలా అని అడిగారు. హాస్టల్లోనే చేర్చండి. మాదీ ఆ చుట్టుపక్కల ఊరేనండి, నేనూ ఆ కాలేజీలోనే చదివాను. మొదటి ఏడాది ఇంటి నుంచి తిరిగాను, తర్వాత హాస్టల్లో ఉన్నాను, ఫైనల్ ఇయర్‌లో స్నేహితురాళ్లతో కలిసి అద్దె ఇంట్లో ఉన్నాను. మూడూ చూశాను కాబట్టి చెబుతున్నాను.

మీకు రోజూ పంపితే చాలనిపించడం సహజం. మా నాన్నగారు కాకినాడలో చదివే రోజుల్లో ఎదుర్లంక రేవులో పంటు ఎక్కి గోదావరి దాటి, యానాంలో మళ్లీ బస్సు పట్టుకునేవారు. అప్పట్లో ఇంటి నుంచి తిరగడమన్న ఆలోచనే ఎవరికీ వచ్చేది కాదు. 2002లో, లోక్‌సభ స్పీకర్‌గా చేసిన బాలయోగి గారి పేరు పెట్టిన వంతెన అక్కడ వచ్చాక ఇక్కడ ఎక్కితే అక్కడ దిగేలా అయింది. దాంతో ఆడపిల్ల కళ్లెదుట ఉంటుంది, హాస్టల్ ఖర్చు తప్పుతుంది అని మా ఇంట్లోనూ అనుకున్నారు.

కానీ తెల్లవారుజామున లేచి, యానాం, తాళ్లరేవు మీదుగా కాకినాడ వెళ్లి, సాయంత్రం నిలబడి తిరిగొచ్చేసరికి చీకటి పడిపోతుంది. అన్నం తినగానే కళ్లు మూతలు పడతాయి. ఇంట్లో ఉన్న ఆడపిల్లకి పనులు చెప్పకుండా ఎవరూ ఉండరు, చుట్టాలొస్తే కాఫీ పెట్టాల్సిందే. పొద్దున బస్సు తప్పితే మొదటి పీరియడ్ పోయినట్టే. 75 శాతం హాజరు ఉండాలని నియమం. అంతకంటే తగ్గితే డాక్టరు సర్టిఫికెట్, తగ్గిన హాజరుని మన్నించడానికి కట్టే కండోనేషన్ ఫీజు అంటూ అదొక టెన్షన్.

అసలు సంగతి హాజరు కాదండి. ఇంజనీరింగ్ చదువులో సగం సాయంత్రం నాలుగు దాటాకే జరుగుతుంది. క్లాసులో అర్థం కాని లెక్క హాస్టల్లో పక్క మంచం అమ్మాయి చెబితే పది నిమిషాల్లో అర్థమవుతుంది. సీనియర్లు పాత ప్రశ్నపత్రాలు ఇస్తారు, ఏ సబ్జెక్టు ముందు నుంచీ చదవాలో చెబుతారు, ఇంటర్వ్యూలో తమని ఏమడిగారో రాత్రి భోజనాలయ్యాక కూర్చోబెట్టి చెబుతారు. లైబ్రరీలో తీరిగ్గా కూర్చోవడానికి దొరికేది కూడా ఆ వేళే. నేను ఇంటి నుంచి తిరిగినంత కాలం వీటిలో ఏదీ నాకు అందలేదు. హాస్టల్‌కి మారాక మార్కులు పెరిగాయి, అంతకంటే ముందు నోరు విప్పి మాట్లాడటం వచ్చింది. తెలుగు మీడియంలో చదివిన పల్లెటూరి పిల్లకి అది చిన్న విషయం కాదు.

మా కాలేజీ 1946లో మొదలైంది, 2008లో యూనివర్సిటీ అయింది. కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీ, పాలిటెక్నిక్, పీఆర్ కాలేజీ కూడా ఉన్న ఊరు కాబట్టి చదువుకునే పిల్లలంటే అందరికీ అలవాటే. నాగమల్లితోట జంక్షన్ నుంచి భానుగుడి దాకా జిరాక్స్ షాపులు, టిఫిన్ సెంటర్లు, కర్రీ పాయింట్లు దొరుకుతాయి. అద్దె ఇంట్లో ఉన్నప్పుడు మేము కుక్కర్లో అన్నం వండుకుని కూర, పప్పు బయట తెచ్చుకునేవాళ్లం. ఇంటి బియ్యం, ఆవకాయ, కందిపొడి ఉంటే నెల గడిచిపోయేది. అయినా మొదటి ఏడాది అద్దె ఇల్లు వద్దు. అడ్వాన్స్, కరెంటు బిల్లు, గ్యాస్, ఓనరు గారి షరతులు, ఇవన్నీ పదిహేడేళ్ల పిల్ల నెత్తిన పెట్టకండి.

యూనివర్సిటీ హాస్టల్లో సీటు దొరక్కపోతే ప్రైవేటు లేడీస్ హాస్టల్ చూడండి. చూసేటప్పుడు గది రంగులు, మంచాలు కాదు, నీళ్లు చూడండి. సముద్రం దగ్గరున్న ఊరు, కొన్ని వీధుల్లో బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి, జుట్టు ఊడిపోతోందని పిల్లలు ఏడుస్తారు. తాగే నీళ్లు ఎక్కడి నుంచి తెస్తున్నారో, కరెంటు పోతే ఇన్వర్టర్ ఉందో లేదో, ఆదివారం రాత్రి భోజనం పెడతారో లేదో అడగండి. గేటు ఎన్నింటికి మూస్తారన్నదీ ముఖ్యమే. మరీ పెందలాడే మూసేస్తే లైబ్రరీకి వెళ్లే దారి మూసుకున్నట్టే.

తుపాను సంగతి కూడా చెప్పాలి. 1996 నవంబరు చూసిన కోనసీమ తల్లులకి గాలి పెరిగిందంటే నిద్ర పట్టదు, మా అమ్మా అంతే. వార్నింగ్ రాగానే పిల్లని ఇంటికి వచ్చేయమనకండి. ఆ గాలివానలో బస్సులో, వంతెన మీద ఉండటం కంటే హాస్టల్లో ఉండటమే క్షేమం. వార్డెన్ నంబరు, గదిలో ఇంకో ఇద్దరు అమ్మాయిల నంబర్లు మీ దగ్గర పెట్టుకోండి.

కాలేజీలో చేరడానికి రిపోర్టింగ్‌కి వెళ్లిన రోజు ఆఫీసు పని అవగానే తిరిగి వచ్చేయకండి. అమ్మాయిని తీసుకుని లేడీస్ హాస్టల్ వైపు వెళ్లి సెకండియర్ పిల్లలతో కాసేపు మాట్లాడనివ్వండి, మీరు కొంచెం దూరంగా ఉండండి. మెస్ ఎలా ఉంటుందో, బయట ఏ హాస్టల్ మంచిదో ఉన్నదున్నట్టు వాళ్లే చెబుతారు.