వేయరాదా, వేయొద్దా?

సందేహం: మాది శ్రీకాకుళం జిల్లా పైడిభీమవరం దగ్గర ఒక ఫ్యాక్టరీ. సేఫ్టీ విభాగంలో పనిచేస్తున్నాను. మా దగ్గర డేంజర్, వార్నింగ్, కాషన్ అని మూడు రకాల బోర్డులుంటే తెలుగులో మూడింటికీ 'ప్రమాదం' అనే రాయించారు. ఇది సరైనదేనా? మరమ్మతు జరిగేటప్పుడు స్విచ్‌కి కట్టే ట్యాగు మీద 'ఈ స్విచ్ వేయరాదు. అధీకృత వ్యక్తిచే మాత్రమే తొలగించబడవలెను' అని ఉంది. కొత్తగా చేరిన కుర్రాడొకడు 'ఏటండీ, ఈ స్విచ్ వెయ్యడం ఎవరికీ రాదా?' అని అడిగాడు. నవ్వేశాను గానీ, తర్వాత ఆలోచనలో పడ్డాను.

సమాధానం: ఆ కుర్రాడు తప్పేమీ చదవలేదు. అతని ప్రశ్నతోనే మొదలుపెడతాను.

మన నోట 'రాదు' అంటే ముందుగా తట్టేది చేతకాకపోవడం. ఈత రాదు, లెక్కలు రావు. క్రియకు 'రాదు' చేర్చి 'కూడదు' అనే అర్థం తీయడం పుస్తకాల భాష. 'పొగ త్రాగరాదు' అని గోడల మీద చూసీ చూసీ అదొక్కటి అలవాటైపోయింది. ఇంకో చిక్కు కూడా ఉంది. అదే మాటను కాస్త సాగదీస్తే పిలుపవుతుంది: 'కూర్చోరాదూ', 'ఓ ముద్ద తినరాదూ'. నోటితో అన్నప్పుడు ఆ దీర్ఘం తేడా చెప్పేస్తుంది. అట్టముక్క మీద అక్షరానికి రాగం ఎక్కడిది? కూడదనడం, చేతకాదనడం, చెయ్యమని బతిమాలడం, ఈ మూడూ ఒకే మాటలో ఉంటే అది కథ రాసేవాడికి వరం. మోటారు స్విచ్‌కి మాత్రం పనికిరాదు. (చూశారా, నాకూ తప్పలేదు.)

'వేయొద్దు' అని రాయించండి. 'వేయవద్దు' అన్నా సరే. 'వేయకండి' మర్యాదగానే ఉంటుంది గానీ, అడిగినట్టుంటుంది. ట్యాగు అడగకూడదు, ఆపాలి.

అంతమాత్రాన పని అయిపోదు. చాలా ఏళ్ల కిందట విజయనగరం జిల్లాలో ఒక జూట్ మిల్లు చూడ్డానికి వెళ్లాను. అక్కడ యంత్రం పక్క స్విచ్‌కి జనపనార పురితో కట్టిన చీటీ ఒకటి వేలాడుతోంది. నూనె మరకలు, దాని మీద నారదుమ్ము, కుడివైపు మూల చిరిగిపోయింది. మిగిలిన తెలుగు ఇంతే: 'ఈ మోటారు నడప'. పైన ఇంగ్లీషు వరసలో కూడా చివరి మాట పోయింది, కానీ 'డు నాట్' ఎడమవైపు భద్రంగా ఉంది. ఇంగ్లీషువాడు కాదనే మాట ముందే చెప్పేస్తాడు. మనం వాక్యం కొస దాకా ఆగి, క్రియ తోకలో చెబుతాం. ఆ తోక ఊడితే నిషేధమూ ఊడిపోతుంది. అందుకే ట్యాగు మీద తెలుగు వాక్యాన్ని ఒకే వరసలో కాకుండా, విరిచి రాయాలి. పై వరసలో పెద్ద అక్షరాలతో 'వద్దు!' అని ఒక్క మాట. దాని కింద 'లోపల మనిషి ఉన్నాడు'. ఆ కింద 'స్విచ్ వేయొద్దు'. ఏ మూల చిరిగినా మిగతాది పలుకుతుంది. ఈ మూడింటిలో నాకు నచ్చేది నడిమి వాక్యం. మన కరెంటు లైన్‌మెన్ 'ఎల్‌సీ (లైన్ క్లియర్) తీసుకున్నాం' అన్నారంటే, స్తంభం మీద మనిషి ఉన్నాడు, సప్లై ఇవ్వొద్దని సబ్‌స్టేషన్‌లో ఉన్నవాళ్లకు విడమర్చి చెప్పనక్కర్లేదు. ఆ పనే ఈ వాక్యం మీ స్విచ్ దగ్గర చేస్తుంది.

ఇక 'ప్రమాదం'. సంస్కృతంలో దీనికి మొదటి అర్థం ఏమరుపాటు. 'ప్రమాదో ధీమతామపి' అంటే తెలివైనవాళ్లూ పొరబడతారని. 'ప్రమాదవశాత్తు' అన్నప్పుడు ఆ వాసన ఇంకా తగులుతుంది. 'అప్రమత్తం'గా ఉండమన్నప్పుడు కూడా అదే ధాతువు. ఇవాళ మనకు ప్రమాదం ఎక్కువగా జరిగిపోయిన సంగతి: రోడ్డు ప్రమాదం, అగ్నిప్రమాదం. 'ప్రమాద స్థలానికి పోలీసులు చేరుకున్నారు' అని రోజూ పేపర్లో చదివే మనిషి మీ బోర్డు మీద 'ప్రమాద స్థలం' అని చూస్తే, ఇక్కడేదో జరిగింది కాబోలు అనుకుని దగ్గరికి వెళ్లి చూస్తాడు. 'ప్రమాదకర స్థలం' అంటే కొంత నయం.

మీ మూడు మాటలూ అమెరికా ప్రమాణాల నుంచి వచ్చిన మెట్లు. పట్టించుకోకపోతే చావో, పెద్ద గాయమో తప్పదంటే డేంజర్, ఎరుపు. అలా జరగవచ్చంటే వార్నింగ్, నారింజ. చిన్నా చితకా దెబ్బలకు కాషన్, పసుపు. మూడింటికీ ఒకే మాట పెడితే మెట్లు పోయి చదును నేల మిగులుతుంది. డేంజర్‌కి నేను 'ప్రాణాపాయం' అంటాను. నేను చూసిన పాత కరెంటు పలకల మీద పుర్రె, ఎముకల పక్కన 'అపాయము' అనే ఉండేది. ఆ ఒక్క మాట పాతబడిందేమో గానీ 'ప్రాణాపాయం తప్పింది' అనని ఇల్లు లేదు. వార్నింగ్‌కి 'హెచ్చరిక'. కన్నడంలో 'ఎచ్చర' అంటే మెలకువ, మన మాట దానికి చుట్టమే. కాషన్‌కి 'జాగ్రత్త'. అదీ మెలకువ మాటే, సంస్కృతం వైపు నుంచి. 'కుక్క ఉన్నది జాగ్రత్త' మీ మెట్లలో ఎక్కడికొస్తుందని అడగకండి, అది కుక్కను బట్టి ఉంటుంది.

'ఇవి మరీ వాడుక మాటలు, బోర్డుకి హుందాగా ఉండవు' అని ఎవరైనా అంటే, 2025 దాకా అమల్లో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 108వ సెక్షన్ గుర్తుచేయండి. నోటీసులు ఇంగ్లీషుతోపాటు, కార్మికుల్లో ఎక్కువమందికి అర్థమయ్యే భాషలో ఉండాలంది. తెలుగు లిపిలో ఉండాలని ఊరుకోలేదు. మీ జిల్లా పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తిగారు పాఠ్యపుస్తకాల కోసం వాదించింది ఇదే. పుస్తకాల్లోంచి లేచిపోయిన 'వలెను' వచ్చి బోర్డుల మీద కాపురం పెట్టింది.

ఆఖరిది, 'అధీకృత వ్యక్తిచే తొలగించబడవలెను'. ఇది ఇంగ్లీషు వాక్యానికి తెలుగు చొక్కా తొడగడం. ట్యాగు పద్ధతిలో అసలు నియమం ఏమిటో మీకు నాకన్నా బాగా తెలుసు: ఎవరు కట్టారో వాళ్లే తియ్యాలి. అదే రాయండి: 'కట్టినవారే విప్పాలి'. కింద కట్టినవారి పేరుకి, తేదీకి చోటు వదలండి.