టెక్ సందేహాలు: 2 లక్షల బడ్జెట్, 75 హెర్ట్జ్ మానిటర్

ప్రశ్న: నా పీసీ 2019 చివర్లో కొన్నది. రైజెన్ 5 3600 ప్రాసెసర్, బీ450 మదర్‌బోర్డు, 16 జీబీ డీడీఆర్4 ర్యామ్, 550 వాట్ల పవర్ సప్లై. మధ్యలో ఆర్‌టీఎక్స్ 3060 గ్రాఫిక్స్ కార్డు వేయించాను. మానిటర్ 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీ, 75 హెర్ట్జ్. ఇప్పుడు 2 లక్షలు కూడబెట్టాను. ఆర్‌టీఎక్స్ 5080 కార్డు, రైజెన్ 7 9800ఎక్స్3డీ ప్రాసెసర్ తీసుకుందామని ఉంది. పాత బోర్డు, పవర్ సప్లై ఉంచుకోవచ్చా? లిక్విడ్ కూలర్ తప్పనిసరా? ఎక్కువగా ఆడేవి వాలరెంట్, సైబర్‌పంక్ 2077.
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: మీ జాబితాలో మానిటర్ లేదు. అసలు తిరకాసు అక్కడే ఉంది. 75 హెర్ట్జ్ మానిటర్ సెకనుకు 75 ఫ్రేములే చూపిస్తుంది. కొత్త కార్డు 300 తయారుచేసి పంపినా మీకు కనిపించేవి 75. చెరువు నిండుగా ఉన్నా తూము సన్నదైతే పొలానికి పారే నీళ్లు అంతే కదా! ఫుల్ హెచ్‌డీ తెరలో సుమారు 20.7 లక్షల పిక్సెళ్లుంటాయి. 1440పీ అయితే 36.9 లక్షలు, 4కే అయితే 82.9 లక్షలు. 5080 అసలు కష్టపడేది ఆ చివరి లెక్క దగ్గర. మీ తెర ముందు కూర్చోబెడితే చాలా ఆటల్లో అది చేతులు కట్టుకుని కూర్చుంటుంది.

27 అంగుళాల 1440పీ మానిటర్, 165 హెర్ట్జ్ లేదా ఆపైన ఉన్నది ముందు తీసుకోండి. దానికి ఆర్‌టీఎక్స్ 5070 టీఐ గానీ, ఏఎండీ వారి ఆర్ఎక్స్ 9070 ఎక్స్‌టీ గానీ చక్కగా సరిపోతాయి. రెండింట్లోనూ 16 జీబీ మెమరీ ఉంది. 5080లోనూ ఉన్నది అంతే! 2025లో విడుదలైనప్పుడు మన దేశంలో 5080 ప్రారంభ ధర 1,07,000, 5070 టీఐది 80,000. ఈ వారం షాపులో ఎంత చెబుతున్నారో అడిగి చూసుకోండి. సైబర్‌పంక్‌లో పాత్ ట్రేసింగ్ (వెలుతురు, నీడలను నిజంలా లెక్కగట్టే పద్ధతి) పెట్టుకుని ఆడాలన్న కోరిక ఉంటే ఎన్విడియా వైపు మొగ్గండి. లేదంటే ఏది తక్కువకు దొరికితే అది.

కొనేముందు పైసా ఖర్చు లేని పరీక్ష ఒకటి చేయండి. ఎన్విడియా యాప్ వేసుకుని, ఆట నడుస్తుండగా ఆల్ట్, ఆర్ కలిపి నొక్కితే తెర మూలన అంకెలొస్తాయి. జీపీయూ (గ్రాఫిక్స్ కార్డు) వాడకం 97 శాతం దాటి నిలబడితే అడ్డం పడుతున్నది కార్డు. అరవై డెబ్బై దగ్గరే ఆగిపోతూ ఫ్రేములు పెరగకపోతే ప్రాసెసర్. అయితే మీ ఫ్రేములు 75 దగ్గర కట్టేసినట్టు ఆగుతుంటే, ముందు వీసింక్ (ఫ్రేములను మానిటర్ వేగానికి కట్టేసే సెట్టింగ్), ఫ్రేమ్ లిమిట్ తీసేసి చూడండి. లేకపోతే పరీక్ష తప్పుతుంది. టాస్క్ మేనేజర్‌లో సీపీయూ 40 శాతమే ఉంది కదా అని మోసపోవద్దు. మీ 3600లో 12 థ్రెడ్లు (ఒకేసారి పని నడిపే వరసలు) ఉన్నాయి. ఒక్క థ్రెడ్డు ఊపిరాడకుండా పనిచేస్తున్నా మొత్తం లెక్కలో అది 8 శాతంగానే కనిపిస్తుంది. నా అంచనా: సైబర్‌పంక్‌లో మీ కార్డు, వాలరెంట్‌లో మీ ప్రాసెసర్ దొరికిపోతాయి.

ఇక ప్రాసెసర్. 9800ఎక్స్3డీ మీ బోర్డులో కూర్చోదు. మీది ఏఎం4 సాకెట్, దానికి కావాల్సింది ఏఎం5. అంటే కొత్త బోర్డు, దాంతోపాటు డీడీఆర్5 ర్యామ్. 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు భగ్గుమన్నాయి. మెమరీ కంపెనీలు ఏఐ సర్వర్ల వైపు తిరగడంతో మనబోటి వాళ్లకు మిగిలింది తక్కువ. ఒక్క ప్రాసెసర్ కోసం వెళ్లి మూడు బిల్లులు కట్టాల్సి వస్తుంది.

మధ్యేమార్గం ఒకటుంది. 2022లో వచ్చిన 5800ఎక్స్3డీ, దాని తమ్ముడు 5700ఎక్స్3డీ మీ బీ450 మీదే నడుస్తాయి, బయోస్ (బోర్డు సొంత సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేస్తే చాలు. మీ 3600లో ఎల్3 క్యాష్ (ప్రాసెసర్ లోపలి చురుకైన మెమరీ) 32 ఎంబీ, వీటిలో 96. ఆటలకు పనికొచ్చేది ఆ క్యాషే. సెకండ్ హ్యాండ్‌లో కొంటే కింద పిన్నులు వెలుతురులో పెట్టి చూడండి. ఏఎం4లో పిన్నులు ప్రాసెసర్‌కే ఉంటాయి, ఒకటి వంగిందంటే తలనొప్పి. బయోస్ అప్‌డేట్‌కు ముందు బిట్‌లాకర్ (విండోస్ డిస్క్ తాళం) రికవరీ కీ ఎక్కడుందో చూసి పెట్టుకోండి. అది అడిగేది అర్ధరాత్రే!

కార్డు కూర్చునే పీసీఐఈ స్లాట్ మీ పాత బోర్డులో 3.0 తరానిది. 5070 టీఐ పూర్తి 16 లేన్లు (డేటా దారులు) వాడుకుంటుంది కాబట్టి నష్టం పెద్దగా తెలియదు. 8 లేన్ల కార్డులకే ఆ దెబ్బ గట్టిగా తగిలేది.

నేనైతే మానిటర్, కార్డు, పవర్ సప్లై ఇప్పుడు కొంటాను. ఎక్స్3డీ దొరికితే వేస్తాను. మిగిలిన డబ్బు ఏఎం5 కోసం దాస్తాను.

పవర్ సప్లై మాత్రం మార్చి తీరాలి. 5070 టీఐ ఒక్కటే 300 వాట్లు లాగుతుంది, ఎన్విడియా 750 వాట్ల సప్లై ఉండాలంటోంది. క్షణకాలపు ఉరవళ్లు అంతకుమించి ఉంటాయి. 850 వాట్లు, గోల్డ్ రేటింగ్, ఏటీఎక్స్ 3.1 ప్రమాణం, కార్డుకు కరెంటిచ్చే 12వీ-2×6 కేబుల్ సొంతంగా ఉన్నది తీసుకోండి. 2022లో 4090 కార్డుల కనెక్టర్లు కరిగిన తర్వాత సవరించి తెచ్చిన కనెక్టర్ ఇది. ప్లగ్గుకూ సాకెట్‌కూ మధ్య గీతంత సందు కూడా లేకుండా నొక్కండి. మొదట్లోనే కేబుల్‌ను మడవొద్దు.

ఇంకో మాట, ఇది నా సొంత బుద్ధితక్కువతనం గురించి. ఒకసారి పవర్ సప్లై మారుస్తూ, కేబుళ్లన్నీ మళ్లీ ఎవడు లాగుతాడులే అని పాతవి అలాగే వదిలేసి డబ్బా ఒక్కటే మార్చాను. ప్లగ్గులు ముచ్చటగా కూర్చున్నాయి. స్విచ్ వేయగానే టిక్‌మని చిన్న శబ్దం, ఆ వెంటనే మాడిన వాసన. ఎస్‌ఎస్‌డీ పోయింది. సప్లై వైపు పిన్నుల వరస కంపెనీకో రకం, ఒక్కోసారి ఒకే కంపెనీలో మోడల్‌కో రకం. డబ్బాతో వచ్చిన కేబుళ్లే వాడాలి.

మీ ఇంట్లో యూపీఎస్ ఉంటే అదీ చూసుకోండి. 600 వీఏ అని రాసి ఉన్న చాలా యూపీఎస్‌లు ఇచ్చేది 360 వాట్లే. ఆట మధ్యలో కరెంటు పోతే ఒక్క బీప్‌తో అన్నీ ఆరిపోతాయి. ఇన్వర్టర్ మీద నడిపేవారు వెనకున్న స్విచ్ యూపీఎస్ మోడ్‌లో పెట్టుకోవాలి.

లిక్విడ్ కూలర్ అవసరం లేదు. ఎక్స్3డీ ప్రాసెసర్లకు రెండు టవర్ల ఎయిర్ కూలర్ చాలు. లిక్విడ్ కూలరైనా వేడిని వదిలేది అదే గదిలోకి. బెజవాడ మే నెలలో గదే 38 డిగ్రీలుంటే ఏ కూలరూ ప్రాసెసర్‌ను అంతకన్నా కిందికి దించలేదు. ఆ డబ్బుతో ముందువైపు జాలీ ఉన్న క్యాబినెట్ కొనండి.

ప్రశ్న: 5070 టీఐ వేయించుకున్నాను. ఫ్రేములు పాత ఇంటెల్ గ్రాఫిక్స్ లాగే వస్తున్నాయి. కార్డు నకిలీదా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: క్యాబినెట్ వెనక్కి వెళ్లి చూడండి. మానిటర్ కేబుల్ పైన, యూఎస్‌బీల పక్కనున్న నిలువు వరసలో ఉందా? అది మదర్‌బోర్డుది. కింద అడ్డంగా ఉన్న కార్డు పోర్టుకు మార్చండి. ఆ తర్వాత విండోస్ అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో రిఫ్రెష్ రేట్ చూడండి. చాలామందిది నెలల తరబడి 60 దగ్గరే ఉండిపోతుంది. నకిలీ అనుమానం ఈ రెండూ అయ్యాక.

ప్రశ్న: కొత్త ఏఎం5 పీసీ మొదటిసారి ఆన్ చేస్తే ఫ్యాన్లు తిరుగుతున్నాయి, తెర నల్లగానే ఉంది. ర్యామ్ 6000 అని కొన్నాం.
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: ఆపేయకండి. మొదటిసారి బోర్డు ర్యామ్‌తో సర్దుబాటు చేసుకుంటుంది, కొన్ని నిమిషాలు పట్టొచ్చు. టీ తాగి రండి. తెర వచ్చాక బయోస్‌లో ఎక్స్‌పో (ర్యామ్‌ను దాని పూర్తి వేగానికి తెచ్చే సెట్టింగ్) ఆన్ చేస్తే గానీ 6000 వేగం రాదు. అప్పటిదాకా తక్కువ వేగంతోనే నడుస్తుంది. నాలుగు స్టిక్కులు పెట్టి ఉంటే రెండు తీసేసి ప్రయత్నించండి. పావుగంటయినా తెర రాకపోతే ప్రాసెసర్ నుంచి లెక్కపెడుతూ 2, 4 స్లాట్లలో స్టిక్కులున్నాయో లేదో చూడండి.

ప్రశ్న: మా బావ డల్లాస్ నుంచి వస్తూ కార్డు తెస్తానంటున్నాడు. తెప్పించుకోనా?
– ఒక పాఠకుడు, నెల్లూరు

జవాబు: ధర ఒక్కటే చూడకండి. చాలా కంపెనీల గ్రాఫిక్స్ కార్డు వారంటీ కొన్న దేశానికే పరిమితం. ఆ మోడల్‌కు ఇండియాలో వారంటీ వర్తిస్తుందా అని కంపెనీకి రాసి, వచ్చిన జవాబు దాచుకోండి. కస్టమ్స్ సుంకం కూడా లెక్కలో వేసుకోండి. అన్నీ కలిపాక ఐదారు వేలే మిగిలేటట్టుంటే, ఇక్కడే బిల్లుతో కొని బావగారిని ఆవకాయకు పిలవండి.