ఎడారి గండ్లలో నీటి దొనలు: మీ ప్రయాణ ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మా అమ్మాయి, అల్లుడు సిడ్నీలో ఉంటారు. వచ్చే జూలైలో మమ్మల్ని ఆస్ట్రేలియా నడిబొడ్డున ఉన్న ఆలిస్ స్ప్రింగ్స్ పట్నానికి తీసుకెళ్ళి, అక్కడ గైడుతో ఒకరోజు ఎడారి కొండల్లో గండ్లు, నీటి మడుగులు చూపించే ట్రిప్ బుక్ చేస్తామంటున్నారు. నాకు 61 ఏళ్ళు, మోకాళ్ళ నొప్పులు. మావారేమో "రాళ్ళు చూడటానికి అంత దూరం పోవాలా, పక్కనే గండికోట లేదా" అంటున్నారు. ఒప్పుకోవాలా వద్దా అని టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు, ప్రొద్దుటూరు

జవాబు: వెళ్ళండమ్మా. అయితే మీవారి మాట కొట్టిపారేయాల్సింది కాదు. జమ్మలమడుగులో 28 ఏళ్ళు సోషల్ టీచరుగా చేశాను. ఏటా పిల్లలను గండికోటకు తీసుకెళ్ళేదాన్ని. 2018 జూలైలో మా అబ్బాయి నన్ను ఇదే ట్రిప్‌కు తీసుకెళ్తే, మొదటి గంటంతా నేనూ గండికోటతోనే పోల్చుకుంటూ కూర్చున్నాను. పోలిక ఉంది కూడా. ఎర్రమల కొండలను పెన్న కోసుకుంటూ వెళ్ళినట్టే, అక్కడ మెక్‌డానెల్ కొండలను వాగులు అడ్డంగా కోసుకుంటూ వెళ్తాయి. రాయి కూడా మనకు తెలిసిన గట్టి క్వార్ట్‌జైటే.

తేడా ఎక్కడంటే, గండికోటలో మనం పైన నిలబడి కిందికి చూస్తాం. పెన్న ఎక్కడో అడుగున కనిపిస్తుంది. అక్కడ వాగు అడుగునే నడుస్తూ తలెత్తి పైకి చూస్తాం. వాగులో నీళ్ళుండవు, ఇసుక. ఆ ఇసుకలోనే పెద్ద పెద్ద యూకలిప్టస్ చెట్లు నిలబడి ఉంటాయి. ఏడాదికి అక్కడ పడే వాన 280 మిల్లీమీటర్ల దాకా, అంటే మన అనంతపురంలో పడేదాంట్లో సుమారు సగం. మరి గండిలో ఏడాది పొడుగునా నీళ్ళెలా ఉంటాయి? ఎప్పుడో ఒకసారి వరద వచ్చినప్పుడు నీళ్ళన్నీ ఆ ఇరుకు సందులోంచే పోవాలి. ఆ ఒరవడికి అడుగు లోతుగా తొలుచుకుపోతుంది. వరద తీశాక ఆ గుంటలో నీళ్ళు మిగులుతాయి. రెండు పక్కలా గోడల్లా కొండలు ఉండటంతో ఎండ తగిలేది తక్కువ, ఆవిరైపోయేదీ తక్కువ. మన కొండల్లో దొనలు ఉన్నట్టే, కాకపోతే ఏనుగులు మునిగేంత దొనలు. వేసవిలో పెన్న ఇసుకలో చెలమ తీసి బిందె నింపుకున్నవాళ్ళం కాబట్టి, ఇసుక కింద నీరుండటం మనకు కొత్త కాదు. ఆ నీరు కళ్ళెదుట మడుగు కట్టి ఉంటే చూడటానికి మాత్రం నాకు ఒళ్ళు పులకరించింది.

మా గైడు ఆ నేల ఆదివాసులైన అరెర్న్‌ట తెగవాడు. మొదట పట్నానికి 20 కిలోమీటర్లలోపే ఉన్న సింప్సన్స్ గ్యాప్‌కు తీసుకెళ్ళాడు. అరెర్న్‌టలు ఆ చోటును పెద్ద ఉడుముల ఇల్లుగా చెప్పుకుంటారు. ఉడుమంటే మన మెట్టల్లో తిరిగే ఉడుములాంటిదే. పొద్దున్నే వెళ్ళండి, బండల మీద చిన్న చిన్న వాలబీలు ఎండ కాగుతూ కనిపిస్తాయి. వాలబీ అంటే కంగారూ జాతిదే, మేకపిల్లంత ఉంటుంది. దారి చదునుగా, పొట్టిగా ఉంటుంది, మీ మోకాళ్ళకు ఇబ్బంది లేదు. ఈ నీళ్ళలో దిగనివ్వరు.

తర్వాతది స్టాండ్లీ క్యాజమ్, 80 మీటర్ల ఎత్తు గోడల మధ్య సన్నటి సందు. దీన్ని నడిపేది అరెర్న్‌టలే, టికెట్ వేరుగా తీసుకోవాలి. వాళ్ళ భాషలో దాని పేరుకు 'నీటి గండి' అని అర్థం. స్టాండ్లీ అన్న పేరు ఐడా స్టాండ్లీది. 1914లో ఆలిస్ స్ప్రింగ్స్‌లో బడి మొదలైనప్పుడు తొలి టీచరు ఆమే. నేనూ టీచరునే కదా, ఆ పేరు విని సంతోషించాను. కానీ పాత పేరు కూడా నేర్చుకుని రావాలనిపించి గైడు చేత నాలుగుసార్లు పలికించుకున్నాను: అంకర్ల అట్వాచ. నా నోటికి ఇంతవరకే పలికింది. మిట్టమధ్యాహ్నం సూర్యుడు నడినెత్తికి వచ్చాక గోడలు నిప్పు రాజేసినట్టు ఎర్రగా మారతాయి. కాసేపే ఉంటుంది ఆ వెలుగు. అందుకే మంచి గైడు పొద్దున్నుంచి వేళ చూసుకుని నడిపిస్తాడు. దారి ఒక్కోవైపు ఒక కిలోమీటరు పైనే, రాళ్ళూ గులకా ఉంటాయి. చేతికర్ర తీసుకెళ్ళండి.

దారిలో ఓకర్ పిట్స్ అనే చోట ఆగుతారు. వాగు ఒడ్డున ఎరుపు, పసుపు, తెలుపు మట్టి పొరలు పొరలుగా ఉంటుంది. మా అమ్మ పండగలకు గోడలకు పూసే జాజు గుర్తొచ్చి చెయ్యి చాపబోయాను. గైడు మెల్లగా ఆపాడు. ఆ మట్టి వాళ్ళ మగవాళ్ళు పూజల్లో, ఆచారాల్లో ఒంటికి పూసుకునేది, పరాయివాళ్ళు ముట్టకూడదు, తీసుకెళ్తే జరిమానా కూడా. అక్కడ చేతులు వెనక్కి కట్టుకుని చూడండి.

ఎల్లరీ క్రీక్ దగ్గర మడుగులో ఈత కొట్టొచ్చు, మీరు మాత్రం వద్దు. మా బ్యాచ్‌లో ఒక పాతికేళ్ళ కుర్రాడు పై నుంచి సూర్యుడు కాస్తున్నాడు కదా అని దూకాడు. నిమిషంలోనే పెదవులు నల్లబడి, ఊపిరందక ఒడ్డుకొచ్చాడు. గైడు దుప్పటి చుట్టి వేడి టీ తాగించాక గానీ మనిషి కాలేదు. నీడలోనే ఉండే లోతు నీళ్ళు అంతే, పైకి తెలియదు.

చివరగా ఆర్మిస్టన్ గండి, పట్నానికి సుమారు 135 కిలోమీటర్లు. మడుగు దాకా అయిదు నిమిషాల నడక. 'ఘోస్ట్ గమ్' వ్యూ పాయింట్‌కు ఎక్కే మెట్లు మీరు వదిలేయండి. కింద మడుగు దగ్గరే గైడు మమ్మల్ని మాట్లాడకుండా కూర్చోబెట్టాడు. పది నిమిషాలకు పిడికెడంత పిట్టలు, నారింజరంగు ముక్కులవి, గుంపుగా దిగాయి. ముక్కు నీళ్ళలో ముంచి గుటకలేసి, ఒక్కసారిగా లేచిపోయాయి. వెంటనే ఇంకో గుంపు. ఆ పిట్టలు తిరిగే దిక్కు చూసే తన పెద్దలు నీరెక్కడుందో పట్టేవారని గైడు చెప్పాడు. గండికోటకు అన్నిసార్లు పోయినా నేనెన్నడూ పిల్లలను నీటి దగ్గర అలా ఊరికే కూర్చోబెట్టలేదు. ఆ సంగతి ఇప్పటికీ మనసులో ఉంది. అందుకే మీరు తప్పకుండా వెళ్ళాలని అంటున్నాను.

ఇక మీ ఏర్పాట్లు. జూలై అక్కడ చలికాలం. పగలు 20 డిగ్రీలు, తెల్లవారుజామున సున్నా దగ్గరికి పడుతుంది. స్వెట్టర్, మంకీ క్యాప్, చెప్పులు కాదు బూట్లు. బుక్ చేసేముందే మోకాళ్ళ సంగతి చెప్పి, వ్యానులో ముందు సీటు అడగమనండి. పార్కు పాస్, స్టాండ్లీ టికెట్ ధరలో కలిసి ఉన్నాయో లేదో అమ్మాయిని కనుక్కోమనండి. మధ్యాహ్నానికి పులిహోర కట్టించుకోండి, చల్లారినా బాగుంటుంది.

ప్రశ్న: నలుగురు ఫ్రెండ్స్‌తో గండికోట వస్తున్నాం. కిందికి దిగి పెన్నలో ఈత కొట్టొచ్చా?
– ఒక విద్యార్థి, అనంతపురం

జవాబు: వద్దు బాబూ. మైలవరం డ్యామ్ వెనక నీరు గండిలోకి ఎక్కి నిలుస్తుంది. ఏటి ఒడ్డులా మెల్లగా లోతు పెరగదు, రాయి దాటితే ఒక్కసారిగా లోతే. అంచున చాలాచోట్ల కంచె కూడా లేదు, సెల్ఫీ కోసం వెనక్కి అడుగేయొద్దు. తెల్లవారేసరికి అంచు దగ్గరుంటే వెలుగు గోడల మీదుగా దిగటం కనిపిస్తుంది. తర్వాత మసీదు పక్కన కత్తుల కోనేరు, ధాన్యాగారం, మాధవరాయస్వామి గుడి చూడండి. కోటలో ఊరుంది, ఆ ఊరివాళ్ళను ఒకరిని వెంట తీసుకెళ్ళండి. మనిషికి రెండు లీటర్ల నీళ్ళు పెట్టుకోండి. పది దాటితే ఆ బండల మీద నిలబడలేరు.