ముసలి తీగకు కాపు తగ్గితే వైన్ మంచిదవుతుందా?

ప్రశ్న: మాది రంగారెడ్డి జిల్లా. మూడెకరాల్లో థాంసన్ సీడ్‌లెస్ ద్రాక్ష ఉంది. నాటి 22 ఏళ్లయింది. ఒకప్పుడు ఎకరాకు పది టన్నులు తీసినవాళ్లం, రెండేళ్లుగా నాలుగు టన్నులు దాటట్లేదు. తోట తీసేద్దామనుకుంటుంటే అడిలైడ్‌లో ఉంటున్న మా అబ్బాయి ఆగమన్నాడు. అక్కడ బరోసా అనేచోట వందేళ్ల తీగల కాయతో రెడ్ వైన్ చేస్తారట, తీగ ముదిరి కాపు తగ్గేకొద్దీ ఆ వైన్‌కు ధర పెరుగుతుందట. మా తోటను కూడా వైన్ కోసం ఉంచుకోవచ్చా? వాడు వచ్చేటప్పుడు అక్కడి కొమ్మలు నాలుగు తెమ్మనమంటారా?

జవాబు: మీ అబ్బాయి చెప్పింది నిజమే. ఆస్ట్రేలియాలోని బరోసా లోయలో లాంగ్‌మైల్ అనే తోట ఉంది. అక్కడ 1843లో నాటిన షిరాజ్ అనే నల్లద్రాక్ష రకం తీగలు ఇప్పటికీ కాస్తున్నాయి. 2009లో అక్కడివాళ్లు తోటల వయసును బట్టి పేర్లు కూడా పెట్టుకున్నారు. 35 ఏళ్లు దాటితే ఓల్డ్, 70 దాటితే సర్వైవర్, 100 దాటితే సెంటినేరియన్, 125 దాటితే యాన్సెస్టర్. అలాంటి తోటల్లో ఎకరాకు టన్నున్నర కూడా రానివి ఉన్నాయి. అయినా ఎవరూ పీకరు. అయితే కాపు తగ్గడం వల్ల ఆ వైన్‌కు విలువ వచ్చిందనుకుంటే మీరు నష్టపోతారు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు రకం సంగతి. పండిన షిరాజ్ కాయను వేళ్ల మధ్య నొక్కి చూస్తే తొక్క నల్లగా ఉంటుంది, కారే రసం మాత్రం దాదాపు రంగు లేకుండా ఉంటుంది. రెడ్ వైన్‌లో రంగు, వగరు చాలావరకు తొక్క నుంచి వచ్చేవే. అందుకే నలిపిన కాయను తొక్కతో సహా పులియబెడతారు. కాయ చిన్నదైతే రసం తక్కువ, తొక్క వంతు ఎక్కువ. ముసలి తీగల్లో కాయ చిన్నగా ఉండటం అక్కడివారికి కలిసొచ్చేది ఇందుకే. మన పని దీనికి పూర్తిగా ఎదురు. గుత్తులను జిబ్బరెల్లిక్ ఆమ్లంలో ముంచి, కాయను వీలైనంత లావు చేసి, తినే పండుగా అమ్ముతాం. థాంసన్ తొక్కలో నల్లరంగే లేదు. మీ తీగకు వందేళ్లు వచ్చినా దాన్నుంచి రెడ్ వైన్ రాదు.

ఇక వయసు సంగతి. బరోసాలో చలికాలం రాగానే తీగ ఆకు రాల్చి నిద్రపోతుంది. వేసవిలో కూడబెట్టుకున్న పిండిపదార్థం కాండంలో, వేళ్లలో నిల్వ ఉండి మళ్లీ వసంతంలో చిగురుకు అందుతుంది. మన దగ్గర తీగకు ఆ నిద్ర లేదు. ఏప్రిల్‌లో ఒక కత్తిరింపు, అక్టోబరులో ఒక కత్తిరింపు, ఏడాదికి రెండుసార్లు చిగురు వేయిస్తాం. కాపు మాత్రం ఒక్కటే. ఉన్న నిల్వ అంతా ఖర్చవుతూనే ఉంటుంది. అందుకే మన తోటలు పదిహేనేళ్లు దాటాక నీరసిస్తాయి. మీరు 22 ఏళ్లు నడిపారంటే తోటను బాగా చూసుకున్నట్టే.

బరోసాకు మరో అదృష్టం ఉంది. ఫిలోక్సెరా అనే వేరుపేను 19వ శతాబ్దం రెండో సగంలో యూరప్ ద్రాక్షను ఊళ్లకు ఊళ్లు తుడిచిపెట్టింది. దక్షిణ ఆస్ట్రేలియాలోకి అది ఇంతవరకు రాలేదు. 1899లోనే దానికోసం ప్రత్యేకంగా చట్టం చేసి కాపాడుకున్నారు. అందుకే ఆ తీగలు అంటు లేకుండా సొంత వేళ్ల మీదే నిలిచాయి. అంత పాత తోటలకు కూడా కష్టకాలం వచ్చింది. 1980లలో కాయ కొనేవాళ్లు లేక, తీగలు పీకేస్తే ప్రభుత్వమే డబ్బులిచ్చింది. ఎన్నో పాత తోటలు అప్పుడే పోయాయి. కొందరు వైన్ తయారీదారులు ముందుకొచ్చి కాయ కొనబట్టి మిగిలినవి బతికాయి. కొనేవాడు లేకపోతే వందేళ్ల తోటైనా నిలవదని దీన్నిబట్టి తెలుస్తోంది.

ఇప్పుడు మీ తోట గురించి. వయసు వల్ల కాపు మెల్లమెల్లగా తగ్గుతుంది. రెండేళ్లలోనే పది నుంచి నాలుగుకు పడిపోయి ఉంటే నాకు వయసు మీద కంటే రోగం మీదే అనుమానం. బాగా నీరసించిన తీగలు రెండు మూడు ఎంచుకుని, పందిరి మీద ఎండిన పెద్ద కొమ్మను రంపంతో అడ్డంగా కోసి చూడండి. ఆరోగ్యమైన చెక్క లేత పసుపుగా, తడిగా ఉంటుంది. కోసిన కేకు ముక్కలా ఒకవైపు ముక్కోణంగా గోధుమరంగులో చచ్చిన చెక్క కనిపిస్తే అది కాండంలో చేరిన శిలీంధ్రం. పాత కత్తిరింపు గాయాల నుంచి లోపలికి దిగుతుంది. తర్వాత అదే తీగ పక్కన అడుగు లోతు తవ్వి పిల్లవేళ్లు చూడండి. వాటి మీద చిన్న చిన్న బుడిపెలుంటే వేళ్లకు నులిపురుగులు (నెమటోడ్లు) పట్టినట్టు. రెండూ లేకపోతే బోరు నీటిలో ఉప్పు పెరిగిందేమో పరీక్ష చేయించండి.

చెక్కలో మాత్రమే జబ్బు ఉండి, మొదలు దగ్గర పిలక వస్తుంటే తోటను కాపాడుకోవచ్చు. బరోసా రైతులు కూడా ముసలి తీగలకు ఇదే చేస్తారు. ఏప్రిల్ కత్తిరింపు సమయంలో, వాన లేని రోజు చూసుకుని, గోధుమరంగు పూర్తిగా పోయేదాకా కిందికి కోసేయండి. గాయానికి అదే రోజు బోర్డో పేస్ట్ పూయండి. కిలో మైలుతుత్తం, కిలో సున్నం, పది లీటర్ల నీరు చాలు. పిలకను కొత్త మొదలుగా పందిరికెక్కించండి. కోసిన కట్టెను తోట గట్టున పడేయకండి, కాల్చేయండి. ముందు ఒక వరుసలో చేసి చూడండి. మూడెకరాలు ఒకేసారి చేస్తే ఒక ఏడాది ఆదాయం మొత్తం పోతుంది, ఆ టెన్షన్ మీకొద్దు.

నులిపురుగులు, ఉప్పు నీరు రెండూ ఉంటే మాత్రం తోట తీసేయడమే మేలు. మళ్లీ నాటితే డాగ్‌రిడ్జ్ అనే వేరుమూలం (అంటుకు కింద వేళ్లిచ్చే రకం) మీద అంటుకట్టినవి, పాత గుంతలకు దూరంగా నాటండి. వైన్ రకాలు వేయాలని మనసులో ఉంటే, కాయ కొంటామని వైనరీ రాసిచ్చాకే మొక్క కొనండి. ఇంట్లో వైన్ చేసి అమ్మే ఆలోచన పెట్టుకోకండి, దానికి ఎక్సైజ్ శాఖ లైసెన్సు ఉండాలి.

అబ్బాయిని కొమ్మలు తెమ్మనొద్దు. దిగుమతి పర్మిట్, క్వారంటైన్ పరీక్ష లేకుండా మొక్క కొమ్మ ఏదీ దేశంలోకి తేకూడదు. నాలుగు కొమ్మల్లో కంటికి కనిపించని వైరస్ ఉంటే మీ తోటతోపాటు పక్కవాళ్ల తోట కూడా పోతుంది. బరోసాలో కూడా బయటివాళ్లను వేసుకొచ్చిన బూట్లతో తీగల వరుసల్లోకి దిగొద్దంటారు, వేరుపేను వస్తుందన్న భయంతో. కోసిన కొమ్మల ఫొటోలు, వేళ్లు, తడి మట్టి కలిపి అరకిలో ఒక సంచిలో, ఒక సీసా బోరు నీళ్లు తీసుకుని ఏప్రిల్ కత్తిరింపుకు ముందే దగ్గర్లోని ఉద్యాన పరిశోధన కేంద్రానికి వెళ్లండి. వేళ్లు ఎండిపోకుండా తడి గుడ్డలో చుట్టండి, ఎండితే నులిపురుగులు కనిపించవు.